ఓదెలు అల్లిన వీపు ముక్క

పదమూడేళ్లు దాటింది. ఇన్నేళ్లుగా ఒక మాట లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. దాని వల్ల ఎవరి ప్రాణమూ పోలేదు. ఎవరి ఇల్లూ కూలలేదు. చెబితే మీరు, ఇంతేనా, అనవచ్చు. నేను కూడా చాలాసార్లు అలాగే అనుకున్నాను. ఇంతే కదా, ఒక స్వెట్టరే కదా. అలా అనుకున్న ప్రతిసారీ సారమ్మ గుర్తొస్తుంది. చలికాలం పొద్దున ఆ స్వెట్టర్ వేసుకుని, బిందె చంకలో పెట్టుకుని, నల్లా దగ్గర నిలబడ్డ సారమ్మ. అప్పుడిక ఆ ‘ఇంతే’ అనే మాట నాకు నోట్లోంచి రాదు.

నా పేరు చెప్పను. భూపాలపల్లిలో, గని కార్మికుల క్వార్టర్లలో ఉంటాను. మా ఆయన గనిలో పనిచేస్తాడు, ఇంకో రెండేళ్లలో రిటైరయి దిగిపోతాడు. నా పుట్టిల్లు పెద్దవంగర. బడి ఏడో తరగతితో ఆగింది, లెక్కలు మాత్రం ఆగలేదు. ఏది చూసినా కొలవాలనిపించడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. బియ్యం డబ్బా ఎన్నాళ్లు వస్తుందో మూత తీసి చూసి చెబుతాను. నల్లా సన్నగా వస్తే వరసలో నా ముందున్న బిందెలు చూసి, ఈ పూట నీళ్లు నా దాకా వస్తాయో రావో చెబుతాను. చాలాసార్లు సరిపోతుంది. సరిపోయినప్పుడు లోపల ఒక సంతోషం. అది మంచి సంతోషమో కాదో ఈ వయసులో అనుమానంగా ఉంది.

అల్లిక నేర్చుకున్నది మానుకోటలో. పెళ్లికి ముందు కొన్నాళ్లు మా మేనత్త దగ్గర ఉన్నాను. పక్కింట్లో ఒక ముస్లిం ఆవిడ ఉండేది, ఆపా, అంటే అక్కా, అని పిలిచేవాళ్లం. సీదా కుట్టు, ఉల్టా కుట్టు, ఈ రెండూ వస్తే లోకంలో ఉన్న స్వెట్టర్లన్నీ వచ్చినట్టే అనేది. ఆమెకు చెయ్యి తెలుసు, లెక్క తెలియదు. మొత్తం అల్లేశాక బిగుతైతే విప్పి మళ్లీ మొదలుపెట్టేది. నేను ముందు జానెడు ముక్క అల్లి చూసి, అందులో ఎన్ని కుట్లు పట్టాయో లెక్కపెట్టి, మనిషి కొలతకు ఎన్ని కావాలో కట్టేదాన్ని. ఇది నాకు ఎవరూ నేర్పలేదు. ఆపా ఆశ్చర్యపోయింది. ఆ ఆశ్చర్యం నాకు చాలా ఏళ్లు బలాన్నిచ్చింది.

పెళ్లయి ఇక్కడికి వచ్చాక అల్లికకు కొదవ లేకుండా పోయింది. మొదటి షిఫ్ట్‌కు చీకటితో లేచి వెళ్లే మగవాళ్లకు మఫ్లర్లు. మా వరుసలో పుట్టిన ప్రతి పిల్లకూ, పిల్లాడికీ టోపీ. మా ఇంటి దర్వాజాకు చిలకల తోరణం, టీవీ మీదకు గుడ్డ, మిగిలిన ఊలు ముక్కలన్నీ కలిపి ఒక పెద్ద దుప్పటి. పొద్దున అన్నం డబ్బా కట్టి మా ఆయన్ను పంపించి, గిన్నెలు కడిగి, కూర్చుంటే ఇక సూదులే. నా అల్లిక చూసిన వాళ్లు మిషన్ మీద చేసినట్టుంది అనేవాళ్లు. నాకు అంతకంటే పెద్ద మెప్పు తెలియదు.

ఒక వరుసలో ఒక్క కుట్టు తప్పినా ఊరుకోలేను. ఇరవై వరుసలు పైకి వెళ్లాక కనబడినా సరే, కింద దాకా విప్పుతాను. మా ఆయన నవ్వేవాడు. "గన్నిసార్లు ఇప్పితే ఊలుకే యాష్టకొస్తదే," అనేవాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసిన పని ఏదో తెలియక చేసింది అని మీరు అనుకోకూడదని. అది నా స్వభావంలోనే ఉంది. మంచి స్వభావమని అందరూ మెచ్చుకున్న స్వభావంలో.

సకల జనుల సమ్మె జరిగిన ఏడు. గనులు ఆగిపోయాయి. ఆఫీసులు, బళ్లు, బస్సులు అన్నీ ఆగాయి. మా క్వార్టర్ల బయట రోడ్డు పక్కన టెంట్ వేశారు. పొద్దున వంట కాగానే మేమూ అక్కడికే వెళ్లేవాళ్లం. ఒక్కోరోజు రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వండేవాళ్లం. పాటలు, ఉపన్యాసాలు, మధ్యమధ్యలో నినాదాలు. నేను అల్లిక సంచి పట్టుకుని పోయి ఆడవాళ్ల వైపు ఒక మూల కూర్చునేదాన్ని. రాష్ట్రం నాకూ కావాలి. కానీ చేతులు ఊరికే పెట్టుకుని కూర్చోవడం నాకు చేతకాదు.

ఓదెలుకూ అదే చేతకాలేదు. పక్క క్వార్టర్ సారమ్మ భర్త. మా ఆయన్ను అన్న అనేవాడు, నన్ను వదినా అనేవాడు. బొగ్గు పనిచేసే మనిషి, పెద్ద పెద్ద చేతులు, ఎంత తోమినా గోళ్ల చుట్టూ నల్లగా ఉండేది. నాలుగు రోజులు టెంట్లో అటూ ఇటూ తిరిగి, అయిదో రోజు వచ్చి నా ముందు చతికిలబడ్డాడు.

"వదినా, గా సూదులు జర నాకియ్యి. పనిలేక చేతులు గుంజుతున్నయి."

నేను వేళాకోళం అనుకున్నాను. కాదు. నిజంగానే నేర్చుకున్నాడు. టెంట్ అంతా నవ్వు.

"ఓదెలూ, రాష్ట్రం రానియ్యి, నిన్ను స్వెట్టర్ల మంత్రిని చేస్తరు," అన్నాడొకడు.

"చెయ్యనియ్యిరా. మొదటి సంతకం నీ లంగోటి మీదనే పెడ్త," అన్నాడు ఓదెలు, తల ఎత్తకుండా.

సారమ్మకు చలి పడదు. నీళ్ల కోసం తెల్లారకముందే లేవాలి, అప్పుడామెకు ఆయాసం వచ్చేది. ఆమెకు చేతులు లేని స్వెట్టర్ ఒకటి అల్లుతానన్నాడు. నా పెట్టెలో వంకాయ రంగు ఊలు ఉంటే ఇచ్చాను. సారమ్మ కొలత చూసి, ఎనభై నాలుగు కుట్లతో మొదలుపెట్టమన్నాను. వీపు ముక్క ముందు, ఆ తర్వాత ముంగటి ముక్క.

అతని అల్లిక ఎలా ఉండేదో చెప్పాలి. ఒక వరుస తాడులా బిగుతు, తర్వాతి వరుస వల. ఉల్టా పడాల్సిన చోట సీదా. ఎనభై నాలుగు కాస్తా పైకి పోయేసరికి తొంభై ఒకటి అయింది. ఎక్కడి నుంచి వచ్చాయో ఆ ఏడూ, అతనికే తెలియదు. అన్నిటికంటే పెద్ద తప్పు నినాదాలప్పుడు జరిగేది. ఎవరైనా జై తెలంగాణ అనగానే ఓదెలు పిడికిలి ఎత్తేవాడు, ఆ పిడికిట్లో సూది ఉండేది.

"జై అన్నప్పుడల్ల ఓ కుట్టు పోతున్నది వదినా," అనేవాడు.

అలా ఒకరోజు జారిన కుట్టును అతను చూసుకోలేదు. నేను చూసేసరికి చాలా వరుసలు పైకి వెళ్లిపోయాడు. వీపు ముక్కలో ఎడమ వైపు వేలు దూరేంత బొక్క. విప్పమన్నాను. వినలేదు. అక్కడ ఒక ముడి వేసి, ఇంకా కిందికి జారకుండా ఆపాడు.

"ఇప్పమంటే నాతోని కాదు వదినా. తప్పో ఒప్పో, నా చెయ్యి గింతే," అన్నాడు.

నాకు ఆ మాట నచ్చలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ మాట మీదనే నాకు కోపం ఉండిపోయిందేమో. తప్పు కనబడ్డాక కూడా మనిషి దాన్ని అలా వదిలేసి ముందుకు ఎలా పోతాడు? నాకు అర్థమయ్యేది కాదు.

సమ్మె ముగిసింది. గనులు నడిచాయి. వీపు ముక్క అప్పటికే పూర్తయింది. ముంగటి ముక్క సెలవు రోజుల్లో కొంచెం కొంచెం అల్లి సగం దాకా తెచ్చాడు. ఆ చలికాలంలోనే ఒకరోజు ఛాతీలో నొప్పి అన్నాడు. వరంగల్ తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. గుండెపోటు అన్నారు. నలభై నాలుగేళ్లు. కొడుకు పెద్దవాడు కాబట్టి ఆ ఉద్యోగం అతనికి వచ్చింది. వాళ్లు మా పక్కనే ఉండిపోయారు. కూతురు రజితకు అప్పటికే దేవరుప్పులలో పెళ్లయింది.

దినాలన్నీ అయ్యాక, నెల దాటిన తర్వాత, సారమ్మ సంచి పట్టుకుని మా ఇంటికి వచ్చింది. సూదులతో సహా ఆ రెండు ముక్కలు నా ఒళ్లో పెట్టింది.

"అక్కా, మిగిలిన సగం నువ్వు అల్లియ్యి. ఆయన అల్లింది మాత్రం ముట్టకు," అంది.

సరే అన్నాను. అంత స్పష్టంగా చెప్పింది. అంత స్పష్టంగా ఒప్పుకున్నాను.

మా ఆయన రెండో షిఫ్ట్‌లో ఉన్నాడు. మధ్యాహ్నం అన్నం తిని మంచం మీద ఆ ముక్కలు పరిచాను. ముంగటి ముక్క మీద నా కుట్లు ఎక్కించి నాలుగు వేళ్ల ఎత్తు అల్లాను. పట్టుకుని చూశాను. కింద సగం అతని చెయ్యి, పైన నా చెయ్యి. మధ్యలో గీత గీసినట్టు తెలిసిపోతోంది. పక్కన పెడితే ముందూ వెనకా వెడల్పులు కలవలేదు. కుట్టి జోడిస్తే ఒక పక్క గుంజుకుపోతుంది. ఇది వేసుకుని సారమ్మ బయటికి వెళితే నలుగురూ ఏమంటారు? పోయిన మనిషిని నవ్వుతారు కదా?

అప్పుడు నాకు నేను చెప్పుకున్న కారణం అది. ఓదెలు పరువు కోసం అని. చాలా ఏళ్లు దాన్నే నమ్మాను. కానీ నిజం అది కాదు. ఓదెలు అల్లిక ఎలా ఉంటుందో టెంట్లో కూర్చున్న వాళ్లందరికీ తెలుసు, వాళ్లు ఎప్పుడో నవ్వేశారు, అతనూ వాళ్లతో కలిసి నవ్వాడు. నేను భయపడింది వేరే దానికి. ఈ స్వెట్టర్ నేను పూర్తిచేశానని అందరికీ తెలుస్తుంది. అందులో వంకర ఉంటే అది నాది అనుకుంటారు. ఒక చనిపోయిన మనిషి చేతిపని నా ఒళ్లో ఉంటే నేను ఆలోచించింది నా పేరు గురించి.

ముందు పది వరుసలే విప్పుదామనుకున్నాను. బాగా చెడిన చోటి దాకా. దారం లాగితే కుట్లు ఒకదాని వెనక ఒకటి విడిపోతూ వచ్చాయి. ఆ విడిపోవడంలో ఒక సుఖం ఉంటుంది. అల్లేవాళ్లకు తెలుస్తుంది. తప్పు పోతోంది, తప్పు పోతోంది అని చేతికి అనిపిస్తుంది. ముంగటి ముక్క అయిపోయింది. దానికి జోడు కుదరాలంటే వీపు ముక్క కూడా తీయాలి కదా అనుకున్నాను. వీపు ముక్క పట్టుకున్నాను.

దారం ఒక చోట ఆగింది. ఓదెలు వేసిన ముడి. ఆ బొక్క దగ్గర.

అక్కడ ఆగిపోయి ఉండవచ్చు. చేతిలో ఇంకా సగం వీపు మిగిలి ఉంది. కొంచెంసేపు ఆగాను కూడా. సూది మొనతో ముడి విప్పబోయాను, రాలేదు. బొగ్గు పనివాడి ముడి. ఆ తర్వాత కత్తెర తీసుకుని కోసేశాను.

విప్పిన ఊలు ఉంగరాలు తిరిగి ఉంటుంది. అలాగే అల్లితే అల్లిక సాఫుగా రాదు. కాబట్టి చుట్టలు కట్టి, సబ్బు నీళ్లలో నానబెట్టి, బరువు కట్టి ఆరవేయాలి. అదీ చేశాను. తీసేటప్పుడు బకెట్లో నీళ్లు బూడిద రంగుకు తిరిగాయి. వంకాయ రంగు వదులుతోందా అని చూశాను. రంగు కాదు. అతని వేళ్ల నుంచి ఊలుకు ఎక్కిన బొగ్గు. నాకు తెలిసింది. తెలిసి కూడా ఇంకో రెండు నీళ్లు మార్చాను, తేటగా వచ్చేదాకా. ఆ నీళ్లు మోరీలో పోశాను.

రాత్రి మా ఆయన షిఫ్ట్ దిగి వచ్చి తీగె మీద ఊలు చూసి, ఎవరిది అన్నాడు. మనదే అన్నాను. అది మొదటి అబద్ధం.

మళ్లీ అల్లాను. ఎనభై నాలుగు కుట్లు, మొదటి నుంచి చివరి దాకా ఎనభై నాలుగే. చంకల దగ్గర రెండు పక్కలా సమంగా తగ్గించాను. ముందు, వెనక ఒకదాని మీద ఒకటి పెడితే వెంట్రుకవాసి తేడా లేదు. నేను అల్లిన వాటన్నిటిలో అంత బాగా కుదిరింది ఇంకొకటి లేదు. మడతపెట్టి సారమ్మ చేతికిచ్చాను. తీసుకుని వీపు ముక్క మీద అరచెయ్యి పెట్టి ఒకసారి రుద్దింది. చీర మీద తొడుక్కుంది. వెళ్లిపోయింది.

వారం తర్వాత నల్లా దగ్గర కలిసింది. నీళ్లు ఇంకా రాలేదు. నలుగురూ కొంచెం దూరంగా ఉన్నారు.

"అక్కా, ఒకటి అడుగుత, ఏమనుకోకు," అంది.

"అడుగు."

"ఈపు మీద ఎడమ దిక్కు ఓ బొక్క ఉండె. నీ ఈపుకు నాకోసమని కిటికీ పెట్టుకున్న అని నవ్వుతుండె ఆయన. ఏలు పెట్టి సూస్తున్న, దొరుకుతలేదు."

కిటికీ సంగతి నాకు తెలియదు. మొగుడూ పెళ్లాల మధ్య మాట, నాకెలా తెలుస్తుంది?

"గదా? గది పెద్దగైతదని పూడ్చిన," అన్నాను.

"గదొక్కటేనా?"

"గదొక్కటే. మిగిలిందంత ఆయన అల్లిందే, ఉతికి గుంజితే సాపైంది."

సారమ్మ బిందె ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది.

"ఉంచితే అయిపోవు గదక్కా," అంది. కోపంగా అనలేదు. తనే మళ్లీ, "పోనీ తియ్. మిగిలింది ఉన్నది గదా," అంది.

అప్పుడే నల్లాలో నీళ్లు వచ్చాయి. అందరం వరుసలోకి వెళ్లాం.

నేను మీకు ఒప్పుకోవాలనుకున్నది విప్పిన సంగతి ఒక్కటే కాదు. విప్పినప్పుడు నేను మూర్ఖురాలిని, అంతే. నల్లా దగ్గర అలా కాదు. ఆమె నన్ను సూటిగా అడిగింది. గదొక్కటేనా అని. నిజం చెప్పడానికి అంతకంటే మంచి చోటు, మంచి సమయం మళ్లీ రాలేదు. అప్పుడు చెప్పి ఉంటే తిట్టేది. ఏడ్చేది. బహుశా మాట్లాడడం మానేసేది. కానీ తన దగ్గర ఏముందో, ఏం లేదో ఆమెకు తెలిసి ఉండేది.

ఆ తర్వాత ప్రతి చలికాలం ఆ స్వెట్టర్ పెట్టెలోంచి బయటికి వచ్చేది. కొత్త రాష్ట్రం వచ్చిన రోజున అయితే ఎండాకాలమే. జూన్ నెల, భూపాలపల్లి ఎండ మీకు చెప్పనక్కర్లేదు. ఆ ఎండలో సారమ్మ స్వెట్టర్‌ను నాలుగు మడతలు పెట్టి భుజం మీద వేసుకుని ఊరేగింపుకు వచ్చింది. "పిచ్చి లేసిందా వదినా, గీ ఉక్కల ఉన్ని బట్టనా?" అని ఎవరో అన్నారు. "ఆయన సూడొద్దా మరి?" అంది. నేను ఆమె పక్కనే నడుస్తున్నాను. అందరూ సంతోషంగా ఉన్నారు. నేనూ ఉండాల్సిందే. కానీ ఆమె భుజం మీద మడతల్లో నా కుట్లు, ఒక్కటీ తప్పకుండా, వరుసగా కనబడుతున్నాయి. ఇటు పక్క నుంచి నడవలేక అటు పక్కకు మారాను.

దాన్ని దిద్దుకోవడానికి ఒకసారి ప్రయత్నించాను. అలాంటి వంకాయ రంగు ఊలు హన్మకొండలో వెతికి తెచ్చి, ఓదెలు అల్లినట్టే అల్లుదామని కూర్చున్నాను. ఆ తర్వాత ఎలాగైనా మార్చేయవచ్చు అని ఆలోచన. అది ఇంకో మోసమవుతుందని అప్పుడు తట్టలేదు. ఒక వరుస బిగించాను, ఒక వరుస వదులు చేశాను. కావాలని కుట్లు జార్చాను. మధ్యలో ఏడు కుట్లు పెంచాను. పూర్తయ్యాక చూస్తే, తప్పులు కూడా సమాన దూరంలో పడ్డాయి. నా చేతికి తప్పు చేయడం కూడా లెక్క ప్రకారమే వచ్చు. అతని చెయ్యి రాలేదు. దాన్నీ విప్పేశాను.

ఈ చలికాలం రజిత దేవరుప్పుల నుంచి వచ్చింది. మర్నాడు సారమ్మ స్వెట్టర్ తెచ్చి నా మంచం మీద పెట్టింది. చంకల దగ్గర పలుచబడింది. ఇక వేసుకునేటట్టు లేదు అంది.

"అక్కా, దీన్ని రెండు చెయ్యి. బిడ్డకు వాళ్ల బాపుది అని ఏం లేదు. ఈపు ముక్క దానికిస్త. అది మొత్తం ఆయన అల్లింది గదా. ముంగటి దాంట్ల నీ సగం ఉన్నది, అది నాకు ఉండనియ్యి. ఆయన చెయ్యి, నీ చెయ్యి, రెండూ ఉంటయి," అంది.

నా సగం కూడా ఆమెకు కావాలట. సరే అని స్వెట్టర్ చేతిలోకి తీసుకున్నాను.

ఆ మధ్యాహ్నం మెడ పట్టీ తీసి, భుజాల దగ్గర, పక్కల దగ్గర జోడించిన దారం కత్తిరించి రెండు ముక్కలు విడదీశాను. చేస్తున్నంతసేపూ అనుకున్నాను, వాళ్లు రాగానే చెప్పేయాలి. ఎలా చెప్పాలో మాటలు కూడా పేర్చుకున్నాను. సారమ్మా, కూర్చో, అని మొదలుపెట్టాలి. అంతవరకే వచ్చేది. తర్వాతి మాట దగ్గరికి రాగానే ఇంకో ఆలోచన అడ్డం పడేది. చెబితే ఏమవుతుంది? ఇన్ని చలికాలాలు ఆమె ఒంటి మీద ఉన్నది అతని చేతిపని కాదని తెలుస్తుంది. నా బరువు దిగుతుంది, ఆమెకు ఎక్కుతుంది. అది న్యాయమా? ఆమె కోసం ఊరుకోవడమే మంచిది కదా? ఈ లెక్క చాలా బాగా కుదురుతుంది. నాకు అనుకూలంగా కుదురుతుంది. అందుకే దాన్ని నమ్మలేకపోతున్నాను.

తల్లీ కూతురూ వచ్చారు. రజిత వీపు ముక్కను రెండు చేతులతో ఎత్తి కిటికీ వెలుతురులో పట్టుకుంది. చాలాసేపు చూసింది.

"బాపు గింత సక్కగ అల్లిండా పెద్దమ్మా? అంగీ గుండీలు వరుసగ పెట్టుకోరాకపోవు ఆయనకు!" అంది.

"మీ బాపును ఏమనుకున్నవే నువ్వు," అంది సారమ్మ. ఆమె మొహం వెలిగిపోతోంది. అంత గర్వం ఆ మొహంలో నేను చాలా ఏళ్లుగా చూడలేదు.

ఇద్దరూ నా వైపు చూశారు. నేనే కదా గురువును.

"మంచిగ నేర్చుకున్నడు," అన్నాను.

మొన్న ఆదివారం నాడు జరిగింది ఇది. రజిత ఆ ముక్కను తెల్ల గుడ్డలో చుట్టి తీసుకుపోయింది. ఇక సమ్మె టెంట్లో నాన్న పిడికిలి ఎత్తిన సంగతి, మంత్రి పదవి సంగతి తన పిల్లలకు చెబుతుంది. ఆ ముక్క చూపించి చెబుతుంది. పిల్లలు నమ్ముతారు. తాత లెక్కతప్పని మనిషి అనుకుంటారు. అతను అలాంటి మనిషి కాదు. ఏడు కుట్లు ఎక్కువైనా, మధ్యలో బొక్క పడినా నవ్వి ముందుకు పోయే మనిషి. ఆ మనిషి అలా ఉండేవాడని చెప్పగలిగిన వస్తువు లోకంలో ఒక్కటే ఉండేది. దాన్ని నేను సరిచేశాను.

సారమ్మకు చెబుతానా? తెలియదు. రేపు చెబుతాను అని మీకు మాట ఇచ్చి నా మనసును తేలిక చేసుకోను. పదమూడేళ్లుగా చెప్పనిదాన్ని నా మాట మీద మీరు ఎందుకు నమ్మాలి? నన్ను క్షమించమని కూడా మిమ్మల్ని అడగడం లేదు. క్షమించే హక్కు ఉన్న ఇద్దరిలో ఒకరు లేరు, ఇంకొకరికి విషయం తెలియదు.

కానీ ఎక్కడో ఒక చోట ఇది ఉన్నది ఉన్నట్టు ఉండాలనిపించింది. అందుకని మీకు రాస్తున్నాను. సారమ్మ దగ్గరున్న ముక్కలో గానీ, రజిత తీసుకుపోయిన ముక్కలో గానీ ఓదెలు వేసిన కుట్టు ఒక్కటి కూడా లేదు. అన్నీ నేనే విప్పాను. అన్నీ నేనే అల్లాను. ఈ మాట ఇంతవరకు నా నోటితో అనలేదు, నా చేతితో రాయలేదు. ఇప్పుడు రాశాను. రాసి మళ్లీ చదువుకున్నాను. ఇందులో మార్చాల్సింది ఏమీ లేదు.